మగ ఈగకి తండ్రి ఉండడు, తాత ఉంటాడు: రాణులు పెంచేవాళ్ళ కోసం డ్రోన్ వారసత్వం మొదటి నుంచీ

పోయినేడు మా బావమరిది పొద్దున్నే ఫోన్ చేశాడు. "బావా, అంత ఖర్చు పెట్టి తెచ్చిన రాణి కూతుళ్ళు ఊళ్ళో మగ ఈగలతో కలిసిపోయాయి, మూత తీస్తే చాలు మీద పడి కుడుతున్నాయి, జాతి పోయింది, ఇక ఆ పెట్టెల్లో పుట్టే డ్రోన్లని ఉంచి ఏం లాభం, గదులతో సహా కోసి పారేస్తున్నా" అన్నాడు. కత్తి చేతిలో పట్టుకునే మాట్లాడుతున్నాడు. కోయొద్దురా, ఆ పెట్టెల్లో చెడిపోనిది ఏదన్నా ఉంటే అది ఆ మగ ఈగలే అన్నా. నమ్మలేదు. సాయంత్రం బండేసుకుని వెళ్ళి కాగితం మీద గీసి చూపిస్తే గానీ కత్తి పక్కన పెట్టలేదు. ఆ రోజు గీసిందీ, ఆ తర్వాత మేమిద్దరం కలిసి చేసిందీ ఇక్కడ వరసగా రాస్తున్నా. రాణులు సొంతంగా పెంచుకోవాలనుకునే ప్రతి ఒక్కళ్ళూ రాణి సంగతి చూసుకుంటారు గానీ మగ ఈగ సంగతి గాలికి వదిలేస్తారు, సగం జాతి అక్కడే ఉంది.

నేను చెప్పే రోజులు, కొలతలు పెట్టెల్లో పెంచే ఇటాలియన్ ఈగలవి. మన పుట్టతేనె ఈగకి ఎక్కడ తేడా వస్తుందో చివర్లో చెప్తా, సూత్రం మాత్రం రెండిటికీ ఒకటే.

ముందు గుడ్డు దగ్గర మొదలుపెట్టండి

రాణి గుడ్డు పెట్టే ముందు తల గదిలో పెట్టి, ముందు కాళ్ళతో గది వెడల్పు చూసుకుంటుంది. ఇరుకు గది అయితే, అంటే ఐదు మిల్లీమీటర్ల పైచిల్లర, కడుపులో దాచుకున్న వీర్యం సంచి నుంచి కొంచెం వదులుతుంది, ఆ గుడ్డు ఫలదీకరణ అయ్యి ఆడది పుడుతుంది, అది కూలి ఈగా రాణా అన్నది తిండిని బట్టి ఉంటుంది. వెడల్పు గది అయితే, ఆరు దాటి ఏడుకి దగ్గరగా ఉండేది, వీర్యం వదలదు. ఆ గుడ్డు అలాగే పొదిగి మగ ఈగ అవుతుంది. ఆడదానికి క్రోమోజోములు 32, మగదానికి 16. అంతే, తల్లి దగ్గర నుంచి వచ్చిన ఒక్క సెట్టు, రెండో సెట్టు లేనే లేదు.

ఇది ముందుగా చెప్పింది యోహాన్ జియెర్జోన్ అనే చర్చి ఫాదరు, ఇప్పటి పోలండ్‌లో ఉన్న సైలీషియాలో ఈగలు పెంచేవాడు, 1845లో. తండ్రి లేకుండా పుట్టడం ఏంటని అప్పట్లో చాలామంది ఒప్పుకోలేదు. మీరు మాత్రం ఎవరి మాటా నమ్మక్కర్లేదు, మీ పెట్టెలోనే కనిపిస్తుంది. రెక్క సరిగా లేక బయటికెళ్ళి జత కట్టలేకపోయిన రాణి ఉంటే కొన్నాళ్ళకి గుడ్లు పెడుతుంది, పెట్టినవన్నీ మగ ఈగలే అవుతాయి. రాణి పోయి చాలా రోజులైన పెట్టెలో కూలి ఈగలే గుడ్లు పెట్టడం మొదలెడతాయి, అవీ అంతే. ఇరుకు గదుల్లో మగ పిల్ల పెరిగితే గది చాలక మూత పైకి ఉబ్బి బుడిపెలు బుడిపెలుగా వస్తుంది, చేత్తో తడిమినా తెలుస్తుంది. దక్షిణాఫ్రికా కొసన ఉండే కేప్ ఈగ ఒక్కటే దీనికి పెద్ద మినహాయింపు, అక్కడ కూలి ఈగ జత కట్టకుండా పెట్టిన గుడ్డు కూడా ఆడదే అవుతుంది, మనకి దాని గోల లేదు.

కాగితం మీద వంశం గీయండి

నిజంగా గీయండి, చదివి వదిలేస్తే బుర్రకెక్కదు. కింద మగ ఈగని పెట్టండి. పైన తల్లి ఒక్కతే. ఆ తల్లికి తల్లీ తండ్రీ ఇద్దరూ ఉన్నారు, అంటే మన మగ ఈగకి అమ్మమ్మ ఉంది, తాత ఉన్నాడు. నాన్న లేడు, నాయనమ్మ లేదు, తండ్రి వైపు చుట్టరికమే లేదు. ఇంకో తరం పైకెళ్తే అమ్మమ్మకి ఇద్దరు, తాతకి ఒక్కతే తల్లి, మొత్తం ముగ్గురు. ఆపైన ఐదుగురు, ఆపైన ఎనిమిది. 1, 2, 3, 5, 8. మన దగ్గర గురులఘువుల లెక్కల్లో 12వ శతాబ్దంలో హేమచంద్రుడు చెప్పిన వరస ఇదే, మొదటిసారి గీసినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది.

కిందికి గీస్తే మగ ఈగకి కొడుకు పుట్టడు, కూతుళ్ళే పుడతారు. కొడుకు అనేవాడు కూతురి కడుపున మనవడిగానే వస్తాడు. అంటే మీరు ఈ ఏడు మంచి మగ ఈగలు వాడితే వాటి రక్తం మళ్ళీ మగ ఈగల్లో కనపడ్డానికి ఒక తరం ఆగాలి. ఈ ఒక తరం ఆలస్యం మర్చిపోయే జనం పొరపాటు చేస్తారు.

మగ ఈగ అంటే రెక్కలొచ్చిన గుడ్డు

రాణి గుడ్డు తయారయ్యేటప్పుడు తన తల్లి సెట్టునీ తండ్రి సెట్టునీ పేకముక్కల్లా కలిపి సగం తీసి పెడుతుంది. తేనెటీగల్లో ఈ కలపడం మిగతా జంతువుల కంటే చాలా ఎక్కువ, అందుకే ఒకే రాణికి పుట్టిన రెండు మగ ఈగలు ఒకదానికొకటి బాగా తేడాగా ఉంటాయి. మగ ఈగ దగ్గరకొచ్చేసరికి కలపడానికి రెండో కట్ట లేదు. ఒక్క మగ ఈగ దగ్గర కోటి దాకా శుక్రకణాలు ఉంటాయి, అన్నీ ఒకే కాగితానికి తీసిన జిరాక్స్ కాపీలు.

కాబట్టి ఒక మగ ఈగకి వంద మంది కూతుళ్ళు పుడితే తండ్రి వైపు నుంచి వందకి వంద మందికీ ఒకటే వస్తుంది. తల్లి వైపు సగం సగం కలుస్తుంది. ఒకే తండ్రి ఉన్న అక్కచెల్లెళ్ళు నూటికి 75 వంతులు ఒకటి, మన మనుషుల్లో తోబుట్టువులకి 50. తండ్రులు వేరైతే, ఆ మగ ఈగలకి వాటిలో వాటికి చుట్టరికం లేకపోతే, 25కి పడిపోతుంది. రాణి మామూలుగా పన్నెండు నుంచి ఇరవై మగ ఈగలతో కలుస్తుంది కాబట్టి ఒక పెట్టెలో అన్నేసి తండ్రుల కుటుంబాలు ఒకే కప్పు కింద కాపురం ఉంటాయన్నమాట. మంచి పెట్టె అని గ్రాఫ్టింగ్‌కి, అంటే లేత ఆడ పురుగుల్ని రాణి గదుల్లోకి మార్చి రాణులుగా పెంచడానికి, పది పురుగులు ఎత్తితే ఆ పదీ ఐదారుగురు తండ్రుల పిల్లలు కావచ్చు, అందుకే ఒకే పెట్టె నుంచి తీసిన రాణులు ఒకటి బంగారం, ఒకటి మట్టి. ఎక్కువ ఎత్తండి, ఎక్కువ పెంచండి, తర్వాత ఏరుకోండి, వేరే దారి లేదు.

ఇంకొకటి, మగ ఈగని చూసి ఏరడం అనేది పెద్దగా పనికిరాదు. లావుగా ఉందనో రంగు బాగుందనో మగ ఈగని మెచ్చుకోకండి, దాని తల్లి పెట్టెని చూడండి. తేనె ఎంత తెచ్చింది, కుడుతుందా, చచ్చిన పిల్లని ఎంత త్వరగా బయట పడేస్తుంది, ఇవన్నీ మగ ఈగలో ఉన్నా మగ ఈగ చేసే పనులు కావు. లెక్కలు పెట్టేవాళ్ళు మగ ఈగని వదిలేసి దాని తల్లినే తండ్రిగా రాసుకుంటారు, నిజానికి కన్య రాణి కలిసేది ఆ తల్లి గుడ్లతోనే, అవి ఎగురుతున్నాయంతే.

ఇప్పుడు మా బావమరిది పెట్టెలు

కొన్న రాణి మంచి జాతిది, తన జాతి మగ ఈగలతోనే జత కట్టి వచ్చింది. దాని కూతుళ్ళని మావాడు పెంచాడు. కాబట్టి ఆ కూతుళ్ళు రెండు వైపులా అసలు జాతివే. అవి బయటికెళ్ళి ఊరి మగ ఈగలతో కలిశాయి. ఆ పెట్టెల్లో పుట్టే కూలి ఈగలు సగం ఊరివి, కుడుతున్నది అవే. ఆ పెట్టెల్లో పుట్టే మగ ఈగల్లో మాత్రం ఊరి రక్తం ఒక్క చుక్క లేదు, ఎందుకంటే అవి ఫలదీకరణ లేని గుడ్ల నుంచి వచ్చాయి, తల్లి ఎవరితో తిరిగినా వాటికి సంబంధం లేదు.

అంటే మొదటి ఏడు ఒక్క మంచి రాణి నుంచి పాతిక కూతుళ్ళని పెంచి, అవి ఎవరితో కలిసినా పట్టించుకోకుండా పాతిక పెట్టెల్లో పెడితే, రెండో ఏడు ఆ పాతిక పెట్టెలూ స్వచ్ఛమైన మగ ఈగల ఫ్యాక్టరీలు. ఊరంతా ఆ మగ ఈగలే తిరుగుతాయి. అప్పుడు ఇంకో మంచి రాణి నుంచి గ్రాఫ్టింగ్ చేస్తే ఆ కన్య రాణులకి గాల్లో దొరికేది ఎక్కువగా మన జాతి మగ ఈగలే. ఇది చాలా చవకైన పని, జత కట్టించడానికి దీవులూ వద్దు, చేత్తో వీర్యం ఎక్కించడానికి మైక్రోస్కోపూ వద్దు. మావాడు కోసేద్దామనుకున్నది ఈ పంటని.

రెండు జాగ్రత్తలు. ఆ కుట్టే పెట్టెల కూలి పిల్ల నుంచి మాత్రం కొత్త రాణులు తీయకండి. అలా తీస్తే ఆ రాణిలో సగం ఊరి రక్తం, ఇక దాని మగ ఈగలు కూడా కలగాపులగమే. రెండోది, పెట్టెలో రాణిని మార్చగానే మగ ఈగలు మారవు. పాత రాణి పెట్టిన గుడ్లు బయటికి రావడానికి 24 రోజులు, ఆ తర్వాత అవి బతికే రోజులు, మొత్తం కలిపితే నెలన్నర రెండు నెలలు పాత రక్తమే గాల్లో ఉంటుంది.

గోత్రం లెక్క, దీన్ని దాటేయకండి

మగా ఆడా అన్నది నిజానికి తేల్చేది క్రోమోజోముల సంఖ్య కాదు, ఒక్క జన్యువు. 2003లో మార్టిన్ బేయె బృందం దాన్ని పట్టుకుంది. దాన్ని గోత్రం అనుకోండి, మనకి తేలిగ్గా అర్థమవుతుంది. ప్రతి గుడ్డుకీ తల్లి నుంచి ఒక గోత్రం వస్తుంది, ప్రతి శుక్రకణానికీ ఒక గోత్రం. రెండూ వేరువేరు గోత్రాలైతే ఆడపిల్ల. గోత్రం ఒక్కటే ఉంటే, అంటే ఫలదీకరణ లేని గుడ్డయితే, మామూలు మగ ఈగ. రెండు ఉండి రెండూ ఒకే గోత్రమైతే, సగోత్రం, అప్పుడు కూడా మగదే పుడుతుంది గానీ 32 క్రోమోజోములతో, అది పనికిరాని మగది. గుడ్డు పగిలి పురుగు బయటికి రాగానే కొద్ది గంటల్లో కూలి ఈగలు దాన్ని తినేస్తాయి. యెర్జీ వోయ్కె అనే పోలండ్ శాస్త్రవేత్త 1963లో అలాంటి పురుగుల్ని పెట్టె బయట పెంచి ఇవి చావడం లేదు, తినబడుతున్నాయి అని చూపించాడు.

మీకు కనిపించేది ఖాళీ గదులు. బాగా పెట్టే రాణే, ఫ్రేమ్ నిండా గుడ్లున్నాయి, వారం తర్వాత చూస్తే మూత వేసిన పిల్ల జల్లెడలా చిల్లులు చిల్లులుగా ఉంటుంది.

లెక్క ఇలా వేయండి. రాణి గోత్రాలు క, చ. అది క గోత్రం ఉన్న తన అన్నదమ్ముడితో కలిస్తే, ఆ మగ ఈగ వీర్యంతో ఫలదీకరణ అయిన గుడ్లలో సగం క-క, అంటే సగం పోయాయి. ఒక్క మగ ఈగతోనే జత కట్టిస్తే పిల్లలో సగం ఖాళీ. పది పన్నెండు మందితో కలిసినప్పుడు ఆ నష్టం వాళ్ళందరి మధ్యా పంచుకుని పలచబడుతుంది, రాణి అంతమందితో కలవడం వల్ల ఇదొక మంచి ఫలితం. మొత్తం మీద మీ చుట్టుపక్కల ఈగల్లో గోత్రాలు ఎన్ని ఉంటే, అన్నీ సమానంగా ఉన్నాయనుకుంటే, నష్టం సగటున అన్నో వంతు. పది గోత్రాలుంటే పదో వంతు పిల్ల పోతుంది, ఇరవై ఉంటే ఇరవయ్యో వంతు. ప్రపంచం మొత్తం మీద వంద దాటి గోత్రాలు దొరికాయి, కానీ మీరు ఒక్క రాణిని కొని ఊరంతా దాని మనవళ్ళతో నింపితే మీ ఊళ్ళో మిగిలేవి గుప్పెడు.

అందుకే పైన చెప్పిన పాతిక పెట్టెల పద్ధతిలో, మగ ఈగల వైపు ఒక రాణి సంతానం, గ్రాఫ్టింగ్ వైపు చుట్టరికం లేని వేరే రాణి సంతానం ఉండాలి. మనకి మేనరికం అలవాటే గానీ ఈగల దగ్గర పనికిరాదు. కనీసం ఇద్దరు ముగ్గురు వేరువేరు చోట్ల నుంచి తెచ్చిన రాణులు ఉంటే తప్ప మొదలుపెట్టొద్దనేది నా మాట. బయటి నుంచి కొత్త రక్తం రాకుండా ఏళ్ళ తరబడి నడపాలంటే 35 నుంచి 50 రాణుల దాకా కావాలని పేజ్, లెయిడ్లా అనే అమెరికన్ శాస్త్రవేత్తలు 1982 ప్రాంతంలో లెక్క కట్టారు. పది పెట్టెలవాడు ఒక్కడే ఆ పని చేయలేడు, నలుగురు కలిసి రాణులు మార్చుకోవాలి.

వంద గదులు లెక్కపెట్టండి

అట్ట ముక్కలో ఒక పలక ఆకారం కోసుకోండి, పక్కకి పది గదులు, కిందికి పది గదులు పట్టేలా, గదుల వరస ఏటవాలుగా ఉంటుంది కాబట్టి చతురస్రం రాదు, కాస్త వాలిన డైమండ్ వస్తుంది. మూత వేసిన కూలి పిల్ల మధ్యలో, పుప్పొడి గదులూ తీగ వెళ్ళే వరసా తగలకుండా పెట్టి ఖాళీలు లెక్కపెట్టండి. ఎండ మీ వీపు వైపు ఉండేలా నిలబడి ఫ్రేమ్‌ని కొంచెం వంచితే ఖాళీ గది అడుగు మెరుస్తుంది. ఒక రాణికి రెండు మూడు చోట్ల చూడండి. వందకి ఐదారు ఖాళీలుంటే హాయి. పదిహేను ఇరవై దాటి, రెండు వారాల తర్వాత కూడా అలాగే ఉంటే సగోత్రం అనుమానించాలి. కానీ తొందరపడకండి, పిల్ల తెగులు ఉన్నా, శుభ్రం చేసే గుణం ఎక్కువున్న ఈగలు వరోవా అనే నల్లి పట్టిన పిల్లని పీకేసినా చిల్లులే కనిపిస్తాయి. తేడా ఎక్కడ తెలుస్తుందంటే, సగోత్రం అయితే పురుగు చిన్నప్పుడే మాయమవుతుంది, గదిలో కుళ్ళు వాసన గానీ సగం తిన్న ప్యూపా గానీ ఉండదు. ఖాళీ అయిన గదిలో రాణి మళ్ళీ గుడ్డు పెడుతుంది కాబట్టి మూత వేసిన పిల్ల మధ్యలో గుడ్లూ బుల్లి పురుగులూ కలిసి కనిపిస్తాయి.

మగ ఈగల్ని పెంచే క్యాలెండర్

ఇక్కడ నేను ఒక సీజన్ మొత్తం పోగొట్టుకున్నా. మగ ఈగలు కూర్చుని తేనె తాగుతాయి, వరోవాకి అవే ఇల్లు అని విని, జనవరి నుంచి మగ పిల్ల కనపడితే చాలు కోసేశా. మార్చిలో కన్య రాణులు బయటికెళ్ళి వచ్చాయి, గుడ్లూ పెట్టాయి, ఆషాఢం రాకముందే సగానికి సగం ఇరుకు గదుల్లో కూడా మగ పిల్లే పెట్టడం మొదలెట్టాయి. దొరికిన కాసిని మగ ఈగల వీర్యం అయిపోయిందన్నమాట. రాణి సంచి నిండితే ఐదు నుంచి ఏడు మిలియన్ల శుక్రకణాలు ఉంటాయి, నిండకపోతే దాని బతుకు అంతే.

రాణి గుడ్డు నుంచి బయటికి 16 రోజులు, మగ ఈగ 24 రోజులు. రాణి బయటికొచ్చిన వారానికి జతకి వెళ్తుంది, మగ ఈగకి వీర్యం పండడానికి రెండు వారాలు పడుతుంది. అందుకని మగ ఈగ చాలా ముందు మొదలవ్వాలి. వేప, కానుగ పూతకి రాణులు సిద్ధంగా ఉండాలని మార్చి 15న జత అనుకుందాం. ఆ రోజు నుంచి 40 రోజులు వెనక్కి, ఫిబ్రవరి 3కి మగ గదుల్లో గుడ్లు పడి ఉండాలి. ఈగలు శుభ్రం చేసుకుని రాణి దాని మీదికి రావడానికి ఇంకో ఆరు రోజులు, అంటే జనవరి 28న మగ గదుల ఫ్రేమ్ పిల్ల పక్కన పెట్టేయాలి. ఫిబ్రవరి 24న గ్రాఫ్టింగ్. 27న మగ ఈగలు బయటికి. మార్చి 8న రాణులు బయటికి. 13కి మగ ఈగలు పండుతాయి. 15న ఆకాశం శుభ్రంగా ఉంటే చాలు.

క్యాలెండర్ చూడ్డం ఇష్టం లేకపోతే ఒక గుర్తు చెప్తా, మూత వేసిన మగ పిల్లని ఒకటి తెరిచి చూడండి, ప్యూపా కళ్ళు తెల్లగా ఉంటే ఆగండి, ఊదా రంగుకి తిరిగితే గ్రాఫ్టింగ్ మొదలుపెట్టండి.

మగ గదుల మైనపు షీట్ దొరకకపోతే ఫ్రేమ్‌కి పైన వేలెడు పట్టీ అంటించి మిగతాది ఖాళీగా వదిలేయండి, బలమైన పెట్టె అయితే కింద అంతా మగ గదులే కట్టుకుంటుంది. పుప్పొడి రాకపోతే కూలి ఈగలు మగ పిల్లనే ముందు పీకేస్తాయి, కాబట్టి జొన్న, మొక్కజొన్న పుప్పొడి లేని రోజుల్లో పంచదార నీళ్ళతో పాటు పుప్పొడి ముద్ద కూడా పెట్టాలి. పెట్టెలకి నీడ, పక్కన నీళ్ళు తప్పనిసరి, మన ఎండలకి వీర్యం దెబ్బతింటుంది. వరోవాకి వాడే మందుల్లో కొన్ని మగ ఈగల వీర్యాన్ని పాడుచేస్తాయి, మగ ఈగలు పెంచే రెండు నెలలూ ఆ పెట్టెల్లో మందు పట్టీలు పెట్టకండి. వరోవా కోసం మగ పిల్ల కోయాల్సిందే అంటే నచ్చని పెట్టెల్లో కోయండి, నచ్చిన పెట్టెల్లో వదలండి, ఒకే దెబ్బకి వరోవా తగ్గుతుంది, నచ్చని రక్తమూ తగ్గుతుంది. మగ ఈగల తల్లులుగా అసలు వరోవా తక్కువున్న పెట్టెలనే ఎంచుకోవాలనుకోండి.

ఎన్ని పెట్టెలు అంటే, పది పన్నెండు కంటే తక్కువ వద్దు. ఒక్క గొప్ప పెట్టె నుంచి మగ ఈగలన్నీ తీస్తే గాల్లో రెండే గోత్రాలు ఎగురుతాయి. ఒకే తల్లికి పుట్టిన పది మంది అక్కచెల్లెళ్ళ పెట్టెల నుంచి తీస్తే వాళ్ళ తండ్రుల గోత్రాలు కూడా కలుస్తాయి.

జత ఎవరితో అన్నది చేతిలో ఉంచుకోవడం

బఠానీ మొక్కలతో వారసత్వ సూత్రాలు తేల్చిన మెండెల్ కూడా బ్ర్నో ఊరి మఠంలో ఈగలు పెంచాడు. మొక్కల్లో చేసింది ఈగల్లో చేయలేకపోయాడు, కారణం ఇదే, రాణి ఎక్కడో గాల్లో ఎవరితోనో కలిసొస్తుంది. మగ ఈగలు గుంపుగా చేరే చోట్లు ఉంటాయి, ఏటేటా అక్కడికే వస్తాయి, రాణి అక్కడికే వెళ్తుంది. కొన్ని కిలోమీటర్ల దూరం నుంచి మగ ఈగలు వస్తాయి. జర్మనీలో ఇందుకని సముద్రంలో దీవుల మీద జత కట్టించే కేంద్రాలు పెట్టారు, ఇంగ్లండ్‌లో బక్‌ఫాస్ట్ మఠం బ్రదర్ ఆడమ్ 1925లో డార్ట్‌మూర్ బీడు భూముల్లో పెట్టాడు. మనకి ఆ సౌకర్యం లేదు, కాలవ అవతల పొద్దుతిరుగుడు పూతకి ఎవరో వంద పెట్టెలు దింపితే మన లెక్క ఆ రోజే మారిపోతుంది. వాళ్ళు ఎప్పుడొస్తారో తెలుసుకుని మన జత రోజుల్ని అటూ ఇటూ జరుపుకోవడం తప్ప గొడవ పెట్టుకుని లాభం లేదు.

ఇంకో మోసం ఏంటంటే మగ ఈగలు పెట్టెలు మారతాయి. కూలి ఈగని కాపలా ఈగలు ఆపుతాయి, మగ ఈగని పెద్దగా ఆపవు. కాబట్టి ఈ పెట్టెలో ఉంది కాబట్టి ఈ రాణి కొడుకే అనుకోకండి. ఖచ్చితంగా కావాలంటే మగ పిల్ల ఉన్న ఫ్రేమ్‌ని బయటికొచ్చే ముందు జాలీ గదిలో పెట్టి, పుట్టగానే వీపు మీద పెయింట్ చుక్క పెట్టాలి. కుట్టదు, కొండి లేదు, పిల్లలకి చేతికిచ్చి చేయించినా భయం లేదు. నడి నెత్తిన కలిసిపోయే పెద్ద కళ్ళు చూసి మా పాప దీన్నే మొదట గుర్తుపట్టడం నేర్చుకుంది.

చేత్తో వీర్యం ఎక్కించే పద్ధతి కూడా ఉంది. 1926లో లాయిడ్ వాట్సన్ అమెరికాలో చేసి చూపించాడు, రాణి లోపల అడ్డుగా ఉండే మడతని హ్యారీ లెయిడ్లా కనిపెట్టాక నమ్మకంగా పని చేసింది. ఒక్కో మగ ఈగ నుంచి ఒక మైక్రోలీటర్ దాకా వస్తుంది, రాణికి ఎనిమిది నుంచి పది కావాలి. పండిన మగ ఈగని వేళ్ళ మధ్య పట్టుకుని ఛాతీ నొక్కితే అవయవం బయటికొచ్చి కొసన లేత గోధుమ రంగు వీర్యం కనిపిస్తుంది, పండకపోతే తెల్లటి జిగురే వస్తుంది. మామూలు రైతుకి ఈ పరికరం అక్కర్లేదు గానీ మగ ఈగలు పండాయో లేదో తెలుసుకోడానికి రెండు మూడిటిని ఇలా నొక్కి చూడడం మాత్రం నేర్చుకోండి.

దాగిన గుణం మగ ఈగలో దాగదు

ఆడ ఈగలో ఒక సెట్టులో లోపం ఉంటే రెండో సెట్టు కప్పేస్తుంది. మగ ఈగకి కప్పడానికి రెండోది లేదు. తెల్ల కళ్ళ మగ ఈగలు అప్పుడప్పుడు కనిపిస్తాయి, పాపం ఎగిరి దారి తెలుసుకోలేవు. అవి పుట్టిన రాణి కళ్ళు మామూలుగానే ఉంటాయి, ఆ లోపాన్ని మోస్తోందని తెలిసేది కొడుకుల్లో సగం మందికి తెల్ల కళ్ళు వచ్చినప్పుడే. అలా ప్రతి తరంలో మగ ఈగలు చెడ్డ జన్యువుల్ని బయటపెట్టి ఏరేస్తూ ఉంటాయి.

ఓహియోలో రోథన్‌బులర్ దీన్నే వాడుకుని 1964లో శుభ్రం చేసే గుణాన్ని విడదీశాడు. చచ్చిన పిల్లని తీసేసే జాతినీ తీయని జాతినీ కలిపి ఒక రాణిని పుట్టించి, దాని కొడుకుల్ని ఒక్కొక్కడినీ ఒక్కో శుభ్రమైన జాతి రాణికి ఇచ్చాడు. ఒక పెట్టెకి ఒక్కడే తండ్రి, ఆ తండ్రి వీర్యం అంతా జిరాక్స్, కాబట్టి పెట్టె మొత్తం ఆ ఒక్క మగ ఈగ లోపల ఏముందో చెప్పేస్తుంది. 29 పెట్టెల్లో 6 మూత తీసి పిల్లని బయట పడేశాయి, 9 మూత తీసి వదిలేశాయి, మిగతా 14 మూత ముట్టలేదు, వాటికి తను మూత తీసిపెడితే అందులో 6 పిల్లని పడేశాయి. నాలుగు రకాలు, ఇంచుమించు సమానంగా. రెండే జన్యువులు అన్న ఆయన మాట తర్వాత నిలబడలేదు, ఇంకా చాలా ఉన్నాయని తేలింది, కానీ పద్ధతి నిలబడింది.

పుట్టతేనె ఈగ పెంచేవాళ్ళకి

లెక్క మొత్తం ఇదే. తేడాలు కొన్ని. మగ పిల్లని గుర్తుపట్టడం చాలా సులువు, మూత శంకులా గట్టిపడి సరిగ్గా నడి మధ్యలో సూదితో పొడిచినట్టు చిన్న రంధ్రం ఉంటుంది. కొత్తవాళ్ళు దాన్ని తెగులు అనుకుని పీకేస్తుంటారు, పీకకండి, అది అలాగే ఉండాలి. వరోవా దీని మీదే పుట్టిన పురుగు, ఇందులో మగ పిల్లలోనే పిల్లలు పెడుతుంది, కూలి పిల్ల జోలికి పెద్దగా పోదు. జతకి వెళ్ళే వేళ వేరు, శ్రీలంకలో చూసినప్పుడు పుట్టతేనె మగ ఈగలు సాయంత్రం నాలుగుంపావు నుంచి ఐదుంపావు మధ్య ఎగిరాయి, కొండతేనె ఈగలు పొద్దు గూకే వేళ ఆరు దాటాక. పుట్టతేనె, ఇటాలియన్ రెండూ పక్కపక్కన పెడితే కలిసి కొత్త జాతి పుడుతుందేమో అని అడుగుతారు, పుట్టదు. రాణి వాసన ఒకటే కాబట్టి తప్పుగా వెంటపడతాయి, ఆ వీర్యంతో పిల్ల బతకదు, రాణి సంచిలో చోటు వృథా.

1991, 92ల్లో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ తెగులు వచ్చి దక్షిణాదిలో పుట్టతేనె పెట్టెలు తుడిచిపెట్టుకుపోయాయి, బతికిన వాటి నుంచే మళ్ళీ పెరిగాయి. అడవి దగ్గర ఉన్నవాళ్ళు చెట్టు తొర్రలో ఏళ్ళుగా బతుకుతున్న పట్టుని తేనె కోసం మొత్తం నరకకుండా మగ పిల్ల ఉన్న ముక్క వదిలిపెడితే, ఆ తొర్రలో ఉన్న గోత్రాలు మీ పెట్టెల రాణులకి ఖర్చు లేకుండా వచ్చి చేరతాయి.

రాసుకునేది ఇలా

పెట్టె మూత లోపల రెండు గీతలు. పైన ఈ రాణి ఎవరి కూతురు. కింద ఏ తల్లి కూతుళ్ళ పెట్టెల నుంచి మగ ఈగలు వదిలిన రోజుల్లో జత కట్టింది. తండ్రి పేరు రాయడానికి లేదు, తండ్రులు పదిహేను మంది, జత కట్టిన నిమిషంలో చచ్చిపోయారు. మగ ఈగల తల్లులు ఒక్కరు కాదు, చాలామంది అక్కచెల్లెళ్ళు, అందుకే యూరప్‌లో వంశ పత్రాలు రాసేవాళ్ళు కూడా మగ వైపు ఆ మగ ఈగల అమ్మమ్మనే రాస్తారు. తేదీ వేయండి, ఖాళీ గదుల లెక్క వేయండి.

మా బావమరిది పెట్టెల మీద ఇప్పుడు సుద్దతో అలాగే ఉంది. అప్పుడు కోసేద్దామనుకున్న పదకొండు పెట్టెల మూతల మీద 'కుడుతుంది, మగ పిల్ల కోయొద్దు' అని రాశాడు. ఈ జనవరి 28న వాటిలో మగ ఫ్రేములు పెట్టాడు, గ్రాఫ్టింగ్‌కి వేరే ఊరి నుంచి ఇంకో రాణి వచ్చింది. ఏప్రిల్ మొదటి వారంలో కొత్త రాణుల మొదటి పిల్ల మీద అట్ట ముక్క పెట్టి లెక్కపెట్టాం, తొమ్మిది పెట్టెల్లో ఏడిటికి వందలో ఆరు ఖాళీలు దాటలేదు. మిగతా రెండిట్లో ఒకదానికి పద్దెనిమిది వచ్చాయి, దాన్ని మళ్ళీ చూడ్డానికి ఆదివారం వెళ్ళాలి.